కొండరాళ్ళు ఎప్పుడెప్పుడు పడ్డాయో చెట్టు చెబుతుందా?

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మెళియాపుట్టి వైపు, ఒడిశా సరిహద్దు కొండ కింద మీ ఊరు. వానలు పట్టుకుంటే పైనుంచి రాళ్ళు దొర్లి వస్తున్నాయి. ఇదంతా తిత్లీ తుఫాను తర్వాతే మొదలైందని ఊళ్ళో సగంమంది అంటున్నారు, మా తాతల నాడూ పడేవని పెద్దవాళ్ళు అంటున్నారు. వాలు మీద టేకు, మద్ది, జీడి చెట్లకు దెబ్బలు కనిపిస్తున్నాయి. ఇప్పుడు సరిగ్గా ఆ వాలు మొదట్లోనే కొత్త ఇళ్ళ స్థలాలు కొలుస్తున్నారు. చెట్ల వలయాలు చూసి ఏ ఏడు ఎన్ని రాళ్ళు పడ్డాయో తేల్చవచ్చా, తేలిస్తే ఆఫీసర్లు ఒప్పుకుంటారా అన్నది మీ సందేహం.

తేల్చవచ్చు, కొంతవరకు. నేను చాలా ఏళ్ళు చెట్ల వలయాల పనే చేశాను. ఎక్కువ కాలం హిమాచల్‌లో దేవదారు మీద, తర్వాత మన వైపు టేకు మీద. మాది ఎస్.కోట కాబట్టి ఈ కొండల తీరు కొంత తెలుసు. ఆ అనుభవంతో ముందే ఒక మాట చెప్పాలి. చెట్టు రాసుకునేది రాయి పడిన సంగతి కాదు, రాయి తనకు తగిలిన సంగతి. రోడ్డు మధ్యలో పడుకున్న ఆవు తనను ఎన్ని బళ్ళు గుద్దాయో చెప్పగలదు గాని, ఎన్ని బళ్ళు పక్కనుంచి వెళ్ళిపోయాయో చెప్పలేదు. ఈ తేడా మరిచిపోయి లెక్కలు వేసినవాళ్ళ రిపోర్టులు చూశాను. అంకెలు చూడ్డానికి బాగుంటాయి, అర్థం మాత్రం తలకిందులుగా ఉంటుంది.

ముందు దెబ్బ లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మానులో పెరిగే భాగం చాలా పలచన. బెరడుకీ చెక్కకీ మధ్య కేంబియం అనే పొర ఒకటి ఉంటుంది. ఏటా లోపలి వైపు చెక్క, బయటి వైపు పట్ట తయారుచేసేది అదే. రాయి బలంగా కొట్టిన చోట ఆ పొర చచ్చిపోతుంది. చచ్చిన చోట ఇక చెక్క పెరగదు. పక్కన బతికున్న పొర మాత్రం రెండు వైపుల నుంచీ ఉబ్బుకుంటూ వచ్చి, ఏళ్ళ తరబడి గాయాన్ని మూసే ప్రయత్నం చేస్తుంది. చిన్న గాయమైతే మూసేస్తుంది కూడా. బయటినుంచి చూస్తే ఏమీ కనపడదు, లోపల చెక్కలో మాత్రం ఆ గుర్తు చెట్టు ఉన్నంతకాలం ఉంటుంది.

కోసిన టేకు మోడు ఎక్కడైనా దొరికితే దాని పైభాగం బాగా చిత్రికపట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, భూతద్దం పెట్టి చూడండి. ఒక వరసలో సన్నటి చిల్లులు, సూదిమొన పట్టేంత పెద్దవి, మాను చుట్టూ తిరిగి ఉంటాయి. అవి తొలకరి వానలకు చెట్టు చిగిర్చినప్పుడు వేసుకున్న నీటి గొట్టాలు. ఆ తర్వాత చిల్లులు చిన్నవై, చెక్క గట్టిపడుతూ పోతుంది. అది వానాకాలం వెనక భాగం. అక్టోబరు, నవంబరుకల్లా పెరుగుదల ఆపేస్తుంది, మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాల్చేస్తుంది. మళ్ళీ తొలకరికి పెద్ద చిల్లుల వరస మొదలు. వరసకూ వరసకూ మధ్య ఒక ఏడాది. ఇప్పుడు గాయం ఉన్న వైపు చూడండి. చక్కగా తిరుగుతున్న వరస ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అంచు నల్లబారి ఉంటుంది. దాని పక్కన, ఆ తర్వాతి ఏళ్ళ గీతలు తిన్నగా పోకుండా గాయం మీదికి వంగి చుట్టుకుంటాయి. ఆ రెండు మూడేళ్ళ వలయాలు అక్కడ మాత్రం బాగా వెడల్పుగా ఉంటాయి, చిల్లులు చిన్నగా ఉంటాయి. బెరడు నుంచి లోపలికి ఏడాదొకటి లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఏ వలయం దగ్గర వరస తెగిందో పట్టుకుంటే అదే దెబ్బ తగిలిన ఏడు.

ఇంకా లోతుకు వెళ్ళొచ్చు. పెద్ద చిల్లుల మధ్యలోనే తెగితే దెబ్బ వానల మొదట్లోది. చిన్న చిల్లుల భాగంలో తెగితే వానాకాలం నడిమిదో చివరిదో. వలయం మొత్తం పూర్తయ్యాక, కొత్త వరస మొదలవకముందు తెగితే, అది అక్టోబరు నవంబరుల నుంచి మే దాకా ఎప్పుడైనా కావచ్చు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మీ కొండకు ఇదే కీలకం.

ఈ శాస్త్రం మంచుదేశాల్లో పుట్టింది. భూమి కదలికలకూ చెట్టు వలయాలకూ ముడిపెట్టి 1971లో అలెస్టాలో అనే ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఒక పద్ధతిగా రాశారు. 1978లో అమెరికాలో ష్రోడర్, యూటా రాష్ట్రంలో ఒక పీఠభూమి అంచున చెట్లను చూసి, సంఘటన ఏమిటి, దానికి చెట్టు ఏం చేసింది అనే వరసలో దాన్ని స్థిరపరిచారు. రాళ్ళు పడే వాలుల మీద పెద్ద ఎత్తున పని జరిగింది మాత్రం స్విట్జర్లాండ్‌లో. జెర్మాట్ దగ్గర టెష్ అనే ఊరి పైనున్న వాలులో లార్చ్ చెట్లను పరీక్షించి మార్కుస్ స్టోఫెల్ బృందం 1600 నుంచి 2002 దాకా రాళ్ళు పడిన చరిత్రను రాసింది. అంటే 400 ఏళ్ళు. వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. లార్చ్, స్ప్రూస్ లాంటి చెట్లకు దెబ్బ తగిలితే గాయం చుట్టుపక్కల జిగురు గొట్టాలు వరసగా ఏర్పడతాయి. గాయం నుంచి కొంత దూరంలో మానుకు బోరు పెట్టి సన్నటి చెక్కపుల్ల తీసినా ఆ వరస దొరుకుతుంది. పైన్ చెట్టుకి జిగురు మామూలుగానే ఎక్కువ కాబట్టి దాంట్లో ఈ పద్ధతి పనిచేయదు. మన శ్రీకాకుళం కొండల్లో లార్చీ లేదు, స్ప్రూసూ లేదు. కాబట్టి స్విస్‌వాళ్ళు చేసిన పని ఇక్కడ ఉన్నదున్నట్టు చేద్దామంటే కుదరదు. మనం గాయాన్నే నేరుగా పట్టుకోవాలి.

మన దేశంలోనూ ఇలాంటి పని జరిగింది. హిమాచల్‌లో మంచుచరియలు ఎప్పుడెప్పుడు వచ్చాయో చెట్లనుబట్టి తేల్చి 2018లో ప్రచురించారు. దక్షిణాది టేకు విషయానికొస్తే, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవాళ్ళు కేరళ టేకు నుంచి 523 ఏళ్ళ వలయాల వరసను తయారుచేసి, కరువు ఏళ్ళను గుర్తించారు. అది రాళ్ళ కోసం చేసింది కాదు, వానల కోసం. కానీ మనకు పనికొచ్చే ముక్క అందులో ఒకటుంది: టేకు వలయాన్ని ఏడాదికి ఒకటిగా నమ్మవచ్చు. అయినా నమ్మేముందు సరిచూసుకోవాలి. వానల మధ్య నెలరోజులు తెరిపి ఇస్తే టేకు ఒక దొంగ వలయం వేస్తుంది. బాగా నలిగిన చెట్టు ఒక ఏడాది వలయాన్ని ఎగ్గొడుతుంది. అందుకే ఒక చెట్టుతో ఎప్పుడూ తేల్చం. అదే వాలులో దెబ్బలు లేని టేకు చెట్లను కూడా తీసి, 2002, 2009 లాంటి కరువు ఏళ్ళ ఇరుకు వలయాలు అన్నిట్లోనూ ఒకే చోట కూర్చుంటున్నాయా అని జత చూస్తాం. ఫారెస్టువాళ్ళ ప్లాంటేషన్ అయితే ఇంకా సులువు, నాటిన సంవత్సరం రికార్డులో ఉంటుంది. మొత్తం వలయాల లెక్క దానికి సరిపోవాలి.

మిగతా చెట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. జీడి ఏడాది పొడుగునా ఆకుతో ఉండే చెట్టు, వలయాలు తెలీవు. దాన్ని కోసి ప్రయోజనం లేదు. కానీ తోట ఏ ఏడు వేశారో రైతుకు తెలుసు కదా. ఆ జీడి మానుకున్న ఏ గాయమైనా ఆ ఏడాది తర్వాతిదే. ఇది కూడా ఒక తేదీయే, రంపం లేకుండా దొరికిన తేదీ. గుగ్గిలం చెట్టు వలయాలు గజిబిజిగా ఉంటాయి, వదిలేయండి. నల్లమద్దికి బెరడు మందం. చిన్న రాయి కొట్టినా ఆ దెబ్బ చెక్క దాకా చేరదు, చేరినా కొన్నేళ్ళకు పైన పగుళ్ళలో కలిసిపోయి ఆనవాలు చిక్కదు. రాతి వాలుల్లో తెల్లగా నున్నగా మెరిసే తపసి చెట్టు దీనికి పూర్తిగా ఎదురు. పలచటి పట్ట మీద ప్రతి దెబ్బా స్పష్టంగా నిలుస్తుంది. ఏడు తెలియకపోయినా ఎన్ని దెబ్బలు, ఎంత ఎత్తులో అన్న లెక్కకు దాన్ని మించింది లేదు. కాకపోతే దానికి ఇంకో తిరకాసు ఉంది, చెబుతాను.

అసలు కష్టం ఇక్కడే. మన కొండల్లో మాను మీద గాయం చేసేది రాయి ఒక్కటే కాదు. రాయిది కానిదాన్ని ఏరి పారేయడమే సగం పని.

మొదటిది నిప్పు. పోడు మంటలు, వేసవి కార్చిచ్చు. చాలామంది అనుకునేదేమంటే, గాయం పైవాలు వైపు ఉంటే అది రాయి చేసిందేనని. కాదు. రాలిన ఆకూ చితుకూ జారి వచ్చి మానుకు పైవాలు వైపే పోగుపడతాయి. మంట కింది నుంచి పైకి పాకుతూ మానును దాటగానే వెనక వైపు సుడి తిరిగి అక్కడ ఎక్కువసేపు మండుతుంది. దాంతో నిప్పు గాయం కూడా పైవాలు వైపే వస్తుంది. అయితే దాని ఆకారం వేరు. నేలను ఆనుకుని వెడల్పుగా మొదలై పైకి పోనుపోను సన్నబడుతుంది. గీకితే బొగ్గు తగులుతుంది. పక్కపక్క చెట్లన్నిటికీ అదే రకం గాయం, అదే ఏడాదిది ఉంటుంది. రాయి గాయం నేల నుంచి ఎక్కడో పైన, మోకాలెత్తున, నడుమెత్తున ఉంటుంది. అంచులు చిరిగి, నార లేచి ఉంటుంది. ఒక్కోసారి చెక్కలో రాతిరవ్వ ఇరుక్కుని ఉంటుంది. ఒక చెట్టుకు ఉంటే పక్కదానికి ఉండదు. కింద పదడుగుల్లో వెతికితే ఆ రాయి కూడా దొరుకుతుంది, దొరికితే ఇంక వాదన అక్కర్లేదు.

రెండోది గొడ్డలి. కట్టెల కోసం నరికిన గాటు చదునుగా ఉంటుంది, పట్టేయడం తేలిక. తపసికి మాత్రం బంక కోసం పట్టను చెక్కుతారు. గిరిజన కార్పొరేషన్‌కు అమ్మే బంక ఇదే. ఆ చెక్కులు మనిషి చేతికి అందే ఎత్తులో, నలుపలకల గాట్లుగా ఉంటాయి. కొన్నేళ్ళు పోయాక అంచులు ఉబ్బి గుండ్రంగా మారిపోతే రాయి దెబ్బో బంక గాటో చెప్పడం నాకే కష్టం. అలాంటి తపసిని లెక్కలోంచి తీసేయడమే మంచిది. ఊళ్ళో బంక తీసే పెద్దాయన్ను వెంట తీసుకెళ్ళండి. ఏది తన గాటో, ఏది కాదో మనకంటే ఆయనకు బాగా తెలుస్తుంది.

మూడోది గాలి. ఇది మీకు ముఖ్యం. తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటింది. అంతకు నాలుగేళ్ళ ముందు 2014లో, అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది. మీ వాలు మీద తల విరిగిన చెట్లు, ఒరిగిపోయిన చెట్లు ఉంటే వాటిని రాళ్ళ ఖాతాలో వేయకండి. చెట్టు ఒరిగితే మళ్ళీ నిటారుగా లేవడానికి ఒక వైపు ప్రత్యేకమైన చెక్క వేసుకుంటుంది. టేకు లాంటి వెడల్పాకు చెట్లు ఒరిగిన దిక్కుకు ఎదురు వైపు, పైన్ జాతివి ఒరిగిన వైపే వేసుకుంటాయి. స్విట్జర్లాండ్‌లో ఈ గుర్తును కూడా రాళ్ళకు సాక్ష్యంగా వాడతారు. అక్టోబరులో తుఫానులు తప్పని మన దగ్గర దాన్ని వాడితే అన్నీ తప్పులే. గాలి దెబ్బ కొండంతటా ఒకే దిక్కుకు ఉంటుంది, రాయి దెబ్బ సన్నటి దారి వెంట మాత్రమే ఉంటుంది.

ఏనుగుల సంగతి మరిచిపోయాను. ఒడిశా నుంచి వచ్చిన గుంపు తిరిగిన చోట చెట్లు ఒరగడం, పట్ట చీలడం మామూలే. అది కూడా ఊళ్ళోవాళ్ళనే అడగాలి.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాటకు వస్తాను. పోడు నిప్పు, కార్చిచ్చు, తపసి బంక, ఇవన్నీ ఎక్కువగా ఎండాకాలం వ్యవహారాలు. అప్పటికి టేకు పెరుగుదల ఆగి ఉంటుంది. కాబట్టి ఆ గాయాలన్నీ రెండు వలయాల మధ్య గీత మీద పడతాయి. ఆల్ప్స్‌లో నీళ్ళు గడ్డకట్టి కరిగేటప్పుడు రాళ్ళు ఊడతాయి. మనకు గడ్డకట్టేదేం లేదు, రాయిని ఊడదీసేది వాన. మన తూర్పు కనుమల్లో ఖొండలైట్ రాయి ఎర్రగా మెత్తబడి మట్టవుతుంటుంది. చార్నొకైట్ అనే ఇంకో రకం రాయి అంచులు ఊడిపోతూ గుండ్రటి బండలుగా మిగులుతుంది. ఆ బండల కింద మట్టి వానకు కొట్టుకుపోతే, గెడ్డ (వాగు) పొంగినప్పుడు ఒరుసుకుపోతే, ఆసరా పోయి దొర్లుతాయి. అంటే మన దగ్గర రాయి దెబ్బ ఎక్కువగా వలయం లోపల, పెరుగుతున్న చెక్క మధ్యలో పడాలి. కాబట్టి జూన్‌కీ సెప్టెంబరుకీ మధ్య పెరిగిన భాగంలో తెగిన వరస కనిపిస్తే, అది నిప్పు కాదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. మన వైపు వలయాలు చూసేవాళ్ళకు దొరికిన పెద్ద వెసులుబాటు ఇదే. ఆల్ప్స్ పుస్తకాల్లో ఇది ఉండదు, ఎందుకంటే వాళ్ళకు ఆ అవసరం లేదు.

ఇబ్బంది అల్లా తిత్లీతోనే. అక్టోబరు 11 నాటికి టేకు ఆ ఏటి పని దాదాపు ముగించి ఉంటుంది. కాబట్టి ఆ రాత్రి తగిలిన రాయి గుర్తు 2018 వలయం చివరన, గీత పక్కనే పడుతుంది. 2019 ఫిబ్రవరిలో అంటుకున్న నిప్పు గుర్తూ అక్కడే పడుతుంది. వలయం ఒక్కటే చూసి వాటిని విడదీయలేం. గాయం ఆకారం, బొగ్గు, కింద దొరికే రాయి చూసే విడదీయాలి. ఆ తుఫాను వానలకు పక్కనే ఉన్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు కదా, మీ కొండ మీద కూడా ఆ రాత్రి రాళ్ళు వచ్చి ఉండటం ఆశ్చర్యం కాదు.

కానీ మీ ఊళ్ళో తగాదా తీర్చడానికి ఇంత సూక్ష్మం అక్కర్లేదు. "తిత్లీ తర్వాతే మొదలైంది" అనే మాటను కొట్టేయాలంటే, 2018 కంటే పాత వలయాల మధ్యలో, రాయిదేనని గట్టిగా చెప్పగలిగిన గాయాలు నాలుగైదు చెట్లలో దొరికితే చాలు. మొత్తం చరిత్ర రాయనక్కర్లేదు. దొరకకపోతే మాత్రం "అంతకుముందు పడలేదు" అని చెప్పడానికి లేదు. ఎక్కువ రాళ్ళు పడే దారిలో చెట్టు అసలు బతకదు. బతికినా విరిగి చచ్చి, నాలుగేళ్ళలో చెదలు తినేసి ఆనవాలు మిగలదు. బాగా దెబ్బలు తిన్న సాక్షులే ముందు పోతారు.

"ఏడాదికి ఎన్ని" అన్నారు కదా, దానికి ఒక చిన్న లెక్క ఉంది. ఊరికే అంకెలతో చెబుతాను, మీ కొండవి కావు. వాలు వెడల్పు 100 మీటర్లు అనుకోండి. పడే రాయి మామూలుగా 70 సెంటీమీటర్ల గుండు. మాను మందం 30 సెంటీమీటర్లు. రాయి అంచు తగిలినా తగిలినట్టే కాబట్టి, ఒక్కో చెట్టు అడ్డుకునే వెడల్పు రెండూ కలిపి ఒక మీటరు. ఒకదాని వెనక ఒకటి రాకుండా ఉన్న 20 చెట్లు చూశారు. అంటే 100 మీటర్లలో 20 మీటర్లకు కాపలా ఉంది. పడిన ప్రతి ఐదు రాళ్ళలో ఒకటే ఏదో ఒక చెట్టుకు తగులుతుంది. 40 ఏళ్ళలో 8 గాయాలు దొరికితే, నిజానికి పడినవి 40 దాకా ఉంటాయి, ఏడాదికి ఒకటి చొప్పున. 8 అని రాసి ఊరుకుంటే ఐదింతలు తక్కువ రాసినట్టు. దీనికి తోడు, ఇరవయ్యేళ్ళ కిందట ఆ చెట్లు సన్నగా ఉండేవి, కొన్ని అసలు లేవు. పాత ఏళ్ళలో కాపలా తక్కువ, ఇటీవల ఎక్కువ. అందుకే దిద్దుబాటు చేయని ఏ లెక్కలోనైనా "ఈమధ్య రాళ్ళు పెరిగిపోయాయి" అని కనిపిస్తుంది. స్విస్‌వాళ్ళు దీనికి దెబ్బల సంఖ్యను ఆ దశాబ్దంలో ఎదురుగా నిలబడ్డ మానుల మొత్తం వెడల్పుతో భాగిస్తారు. మీరూ అదే చేయండి. లేకపోతే వాతావరణ మార్పు అని పేపర్లో హెడ్డింగ్ పడుతుంది, అసలు కారణం చెట్లు లావెక్కడం!

ఈ లెక్క సరిచూసుకోవడానికి వేరే రికార్డు ఉంటే బాగుంటుంది. ఆల్ప్స్‌లో చర్చి దస్తావేజులు చూస్తారు. మా వైపు కొత్తవలస–కిరండూల్ లైను ఉంది. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కిన దగ్గర్నుంచి వానాకాలంలో పట్టాల మీద బండలు పడటం, రైళ్ళు ఆగడం పాత విషయమే. రైలు ఆగిన ప్రతిసారీ ఎక్కడో ఒక తేదీ రాసి ఉంటుంది. ఆ లైను పైవాలులో టేకు ఉన్న చోట వలయాల తేదీలనూ రైల్వే తేదీలనూ పక్కపక్కన పెడితే, మన కొండల్లో ఈ పద్ధతి ఎంతవరకు నమ్మవచ్చో తేలిపోతుంది. ఏ యూనివర్సిటీ పిల్లలైనా ప్రాజెక్టుగా తీసుకోవాల్సిన పని అది. మీ దగ్గర పట్టాలు లేవు గాని పంచాయతీ రోడ్డు ఉంది. రోడ్డు మీద బండ తీయించడానికి జేసీబీకి ఇచ్చిన బిల్లులు వెతకండి.

కోయడం గురించి. రిజర్వు ఫారెస్టులో చెట్టుకు రంపం గాని బోరు గాని పెట్టాలంటే అటవీ శాఖ అధికారి డీఎఫ్‌వో అనుమతి కావాలి. అది లేకుండా దిగకండి, మీరు ఉద్యోగస్తులు. అయిదు మిల్లీమీటర్ల సన్న చెక్కపుల్ల తీసే బోరు ఉంటుంది, చెట్టు చావదు. కానీ టేకు చేవలో అది ఇరుక్కుంటుంది, బోరుకు తేనెమైనం రాసి తిప్పినా సరే. పైగా పుల్ల తీసేది గాయం మధ్యలో కాదు, ఉబ్బిన అంచులో. అంగుళం తప్పినా వరస దొరకదు, జిగురు గొట్టాలు లేని చెట్టుతో వచ్చే చిక్కు ఇదే. ఇన్ని తంటాలు ఎందుకు? ప్లాంటేషన్‌లో పలచన చేసినప్పుడు కొట్టిన మోళ్ళు ఉంటాయి, తుఫానుకు పడిన మానులు ఉంటాయి. వాటిలో గాయం ఉన్న చోట అడ్డంగా ఒక పలక అడగండి. గాయం ఎత్తుకు పైనా కిందా కాకుండా సరిగ్గా గాయం మీదుగా కోయాలి, సామిల్లువాళ్ళకు ముందే సుద్దతో గీసి ఇవ్వండి. కొట్టిన ఏడు తెలిస్తే చివరి వలయం ఏడు తెలిసినట్టే.

ఇక ఆఫీసర్ల సంగతి. వలయాల కథ చెబితే కలెక్టరాఫీసులో ఆసక్తిగా వింటారు, తర్వాత ఫైలు పక్కన పెడతారు. నిందించడం కాదు, వాళ్ళకు కావాల్సింది వేరు: ఆ స్థలం దాకా రాయి వస్తుందా రాదా. దానికి వలయం కంటే ముందు రాళ్ళే సాక్ష్యం. వాలు కింద పడి ఉన్న ప్రతి పెద్ద బండనూ జీపీఎస్‌తో గుర్తించండి. పొడవు, వెడల్పు, ఎత్తు రాయండి. కింద గడ్డి నలిగి ఉందా, నాచు పట్టి ఉందా, సగం భూమిలో దిగిందా అనేది చూస్తే కొత్తదో పాతదో తెలుస్తుంది. తర్వాత దెబ్బ తిన్న చెట్లలో అన్నిటికంటే కిందికి ఉన్నది ఏదో, గాయం నేల నుంచి ఎంత ఎత్తో కొలవండి. ఆ ఎత్తు రాయి ఎగిరిన ఎత్తు. నడుమెత్తున గాయాలుంటే రాయి దొర్లి కాదు, ఎగిరి వస్తున్నట్టు.

ఇంకో మోటు కొలత. కెనడాలో ఎవాన్స్, హంగర్ 1993లో చెప్పింది. కొండ రాతి గోడ కింద పోగుపడిన రాళ్ళ కుప్ప ఉంటుంది కదా, దాని పైకొస నుంచి కిందికి గీసిన గీత నేలతో సుమారు 27.5 డిగ్రీల కోణం చేసేంత దూరం దాకా రాళ్ళు రాగలవు. దాన్ని దాటి వచ్చేవి అరుదు. ఫోనులో కోణం కొలిచే యాప్ పెట్టుకుని, ఇళ్ళ స్థలంలో నిలబడి ఆ పైకొసను చూడండి. 27 కంటే ఎక్కువ చూపిస్తే మీరు రాళ్ళు చేరే మేరలోనే ఉన్నారు. మరోలా చెప్పాలంటే, ఆ కొస మీకంటే 50 మీటర్ల ఎత్తున ఉంటే, అడ్డంగా 100 మీటర్ల దూరంలోపు ఇల్లు కట్టకూడదు. ఇది ఎక్కడో కొండల్లో కొలిచి చెప్పిన అంకె. బట్టబయలు బండ మీద జారే మన కొండల్లో రాయి ఇంకా ముందుకు పోవచ్చు. అందుకే ఆఖరి దెబ్బ చెట్టు ఆ గీత లోపల ఉందా బయట ఉందా అనేది చూడమంటాను. బయట ఉంటే చెట్టు మాటే నమ్మండి.

ఈ కొలతలు, ఫోటోలు, పలకల్లో తేలిన నాలుగు పాత ఏళ్ళు జతచేసి, భారత భూగర్భ సర్వే వాళ్ళతో పరిశీలన చేయించమని కలెక్టరు గారికి అర్జీ పెట్టండి. కొండచరియల విషయంలో దేశానికి బాధ్యత ఉన్న సంస్థ అదే. వాళ్ళు వచ్చి చూసేదాకా ఇళ్ళ పట్టాలు ఇవ్వడం ఆపమని అడగొచ్చు. వలయాల చదువు పూర్తయ్యేదాకా ఆగమంటే మాత్రం ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా.

చెట్లు రాయిని ఆపవా అని కింద ఒకరు అడిగారు. ఆపుతాయి. ఫ్రాన్స్‌లో వోజనీ దగ్గర ఒకే కొండ మీద అడవి ఉన్న చోటా లేని చోటా నిజమైన బండలు దొర్లించి చూశారు. అడవి ఉన్న వాలులో చాలా రాళ్ళు కిందికి చేరనే లేదు, చేరినవి నెమ్మదించాయి. 70 సెంటీమీటర్ల గుండు అర టన్ను తూగుతుంది. అది వేగం అందుకున్నాక ఒక్క చెట్టు ఆపలేదు, పది చెట్లకు తగులుతూ వస్తే ఆగుతుంది. మీ వాలులో అడవి కొట్టి జీడి వేసిన భాగం ఎక్కడుందో మీరు రాయలేదు. జీడి ఏడెనిమిది మీటర్ల దూరంలో వేస్తారు. ఆ సందుల్లోంచి గుండు ఎవరినీ తాకకుండా వచ్చేస్తుంది. జీడి వాలు కిందా, అడవి వాలు కిందా పడిన రాళ్ళను విడివిడిగా లెక్కపెట్టండి. ఇళ్ళ స్థలాలు ఏ భాగం కింద ఉన్నాయో చూడండి.

ఫోటోలు పెట్టేటప్పుడు గాయం పక్కన స్కేలు, ఫోటో తీసిన వైపు పైవాలో కిందివాలో రాయండి. పలకలు దొరికితే ముందు గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 400 దాకా రుద్ది, కొంచెం తడిచేసి తీయండి, చిల్లుల వరస తేలుతుంది. బెరడు మాత్రం ఊడనివ్వకండి. బెరడు పోతే చివరి వలయం ఏదో తెలీక లెక్కంతా ఒకటి రెండేళ్ళు జరిగిపోతుంది.